ఐదు నిమిషాల్లో వస్తానన్నాను

ఇరవై రెండేళ్ళుగా నేను నర్సుని. ఎంతమంది కళ్ళు మూశానో లెక్కపెట్టుకోలేదు. శవం పక్కనే కూర్చుని చార్టు రాసుకుంటూ చల్లారిన టీ తాగిన రోజులున్నాయి. పోయినవాళ్ళెవరూ లేచి వచ్చి నన్ను పలకరించలేదు. మా చర్చి సంఘంలో ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే, ఉన్నవాళ్ళతోనే వేగలేకపోతున్నాను, పోయినవాళ్ళ గొడవ కూడా నాకెందుకమ్మా అని లేచి వెళ్ళిపోయేదాన్ని.

ఇప్పుడు అడిగినా దయ్యాల్లేవనే అంటాను. కానీ పోయిన ఏడాది క్రైస్ట్‌చర్చ్‌లో ఒక హోటల్లో దాదాపు గంటసేపు నాకు ఏం జరిగిందో చెప్పమంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. హోటల్ పేరు రాయను. వాళ్ళు మమ్మల్ని బాగానే చూసుకున్నారు.

నా పేరు సునీత. మాది బాపట్ల. ఆక్లండ్ వచ్చి పదహారేళ్ళయింది. ఆ ఊళ్ళోనే మౌంట్ రాస్కిల్‌లో ఉంటాం. నేను పనిచేసేది రెస్ట్ హోమ్‌లో, అంటే ఇక్కడి ముసలివాళ్ళు చివరి రోజులు గడిపే చోట. మా ఆయన ప్రకాశ్ ఒక గిడ్డంగిలో స్టోర్స్ చూసుకుంటారు. ఆయనకు చాలా ఏళ్ళుగా షుగర్. నాలుగేళ్ళుగా భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుంటున్నారు. మా అమ్మాయి షారన్ క్రైస్ట్‌చర్చ్‌లో చదువుతోంది, అక్కడే రిక్కార్టన్‌లో ఇంకో ముగ్గురు పిల్లలతో కలిసి ఫ్లాట్‌లో ఉంటుంది.

మా పెళ్ళయి ఇరవయ్యేళ్ళు నిండాయని షారన్ మాకు ఆ హోటల్లో రెండు రోజులు బహుమతిగా బుక్ చేసింది. వద్దన్నాం. వినలేదు. రెండు రోజులు ఎవరికీ మందులివ్వకుండా, ఎవరికీ స్నానం చేయించకుండా కూర్చో అమ్మా అని ఫోన్లో నన్ను తిట్టినంత పని చేసింది, అంతా ఇంగ్లీషులోనే. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి రాదు.

క్రైస్ట్‌చర్చ్‌ని ఇంగ్లాండు కన్నా ఎక్కువ ఇంగ్లీషు ఊరని ఇక్కడివాళ్ళు అంటుంటారు. ఊరి మధ్యలో చిన్న ఏరు, దాని మీదికి వంగిన చెట్లు, గడ్డి టోపీలు పెట్టుకుని కర్రతో పడవ తోసేవాళ్ళు. మా ఆయనకు ఆ పడవ చూడగానే, లండన్ వెళ్ళే ఖర్చు తప్పిందని ఒకటే సంబరం. హోటల్ కూడా అలాంటిదే, నూరేళ్ళు దాటిన రాతి భవనం. భూకంపంలో దెబ్బతింటే రాయి రాయీ విప్పి మళ్ళీ కట్టారట. లోపల అడుగు వేస్తే తివాచీలో మడమ దిగిపోతుంది. ఎవరు నడిచినా చప్పుడు లేదు.

ఆయన మురిసిపోయారు గానీ నాకు మొదటి గంటలోనే ఊపిరాడలేదు. మా గది కిటికీ తెరుచుకోదు. ఏసీ ఉంది కదా అన్నారు హోటల్‌వాళ్ళు. కారిడార్‌లో పదడుగులకో బరువైన తలుపు, మంటలు పాకకుండా. తోస్తే తెరుచుకుని దానంతటదే మూసుకుంటుంది. ఒక తలుపు దాటితే వెనక మనుషుల మాట తెగిపోతుంది. అంతా మెత్తగా, వెచ్చగా, గట్టిగా బిగించినట్టు ఉంది. నాకు వార్డులో గంటలు, ట్రాలీ చక్రాలు, ఎవరో ఒకరి దగ్గు వినపడుతుండాలి. ఈ నిశ్శబ్దం నాకు పడదని ఆయనతో అంటే, నీకు సుఖం కూడా పడదు అన్నారు.

మా గది మొదటి అంతస్తులో చివరన. అక్కడికి వెళ్ళాలంటే పాత భాగంలోకి మూడు మెట్లు దిగాలి. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మేం చేరాం. ఆయన పెట్టె లాక్కుంటూ ముందు వెళ్ళిపోయారు. నేను వెనక నడుస్తుంటే ఎడమవైపు ఒక తలుపు సగం తెరిచి ఉంది.

లోపల కుర్చీలో ఒక తెల్ల ముసలావిడ, తలుపు వైపు తిరిగి కూర్చుంది. ఎనభై అయిదు పైనే ఉంటుంది. నన్ను చూసి, ఈ బొత్తాలు కాస్త పెడతావా అమ్మాయ్ అని ఇంగ్లీషులో అడిగింది. ఆవిడ వేసుకున్న ఉన్ని స్వెటర్ బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టి ఉన్నాయి. నాకది రోజూ చేసే పనే. లోపలికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, బొత్తాలన్నీ విప్పి సరిగ్గా పెట్టాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి, ఆ వయసులో ఎవరికైనా ఉంటాయి. పాదాలకు వాపు లేదు. ఆరీ ఆరని ఉన్ని వాసన వచ్చింది. ఇవన్నీ నేను కావాలని చూసినవి కావు, పని అలవాటు.

లేచి వస్తూ, "ఓకే డార్లింగ్, ఐ విల్ కమ్" అన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనం ఎవరింటి నుంచి వెళ్ళేటప్పుడైనా వస్తాననే అంటాం గానీ వెళ్తాననం. మా అమ్మయితే మేం బడికి వెళ్తూ పొరపాటున వెళ్తున్నా అని అరిస్తే, గేటు దాకా వచ్చి వెనక్కి పిలిచి, వెళ్ళొస్తానని చెప్పించుకుని గానీ వదిలేది కాదు. పోతాను అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడలేదు. అది పోయినవాళ్ళ మాట. అందుకని ఇంగ్లీషులో కూడా నా నోటికి ఐ విల్ కమ్ అనే వచ్చేస్తుంది.

దీనివల్ల మా రెస్ట్ హోమ్‌లో ఒకసారి చీవాట్లు కూడా తిన్నాను. మార్గరెట్ అనే పెద్దావిడకు నేను డ్యూటీ దిగుతూ ఐ విల్ కమ్ అని చెప్పి ఇంటికి వచ్చేశాను. తర్వాత రెండు రోజులు నాకు సెలవు. ఆవిడ ఆ రాత్రి పడుకోలేదట. కోటు వేసుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, సునీత వస్తానంది అంటూ తెల్లారేదాకా కుర్చీలోనే కూర్చుందట. మా మేనేజర్ నన్ను పిలిచి, నువ్వు వచ్చేదుంటేనే వస్తానని చెప్పు, వాళ్ళు నీ మాట నమ్ముతారు అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ రోజు నుంచి పనిలో సీ యూ అనడం నేర్చుకున్నాను. కానీ ఆ శుక్రవారం నేను పనిలో లేను. నాలుక పాత దారిలో వెళ్ళిపోయింది.

ముసలావిడ, ఎప్పుడు అని అడిగింది.

ఆ ప్రశ్నకు కూడా మన దగ్గర ఒకటే జవాబు. "ఫైవ్ మినిట్స్" అన్నాను. అని గదికి వెళ్ళిపోయాను.

తర్వాత ఆవిడ సంగతే మర్చిపోయాను. పడవెక్కాం. సాయంత్రం షారన్ వచ్చి రిక్కార్టన్‌లో దోసెలు తినిపించింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ తలుపు మూసి ఉంది. మిగతా గదులకు కార్డు చూపిస్తే తెరుచుకునే తాళాలు. దానికి మాత్రం మామూలు గుండ్రటి పిడి, కింద తాళంచెవి రంధ్రం. నంబరు లేదు. పాత అతిథి ఎవరైనా ఎప్పటికీ ఇక్కడే ఉంటారేమో అనుకున్నాను. పెద్ద హోటళ్ళలో అలా ఉంటారని విన్నాను.

మర్నాడు, శనివారం మధ్యాహ్నం మూడింటికి హై టీ. మూడంతస్తుల పళ్ళెంలో చిన్న చిన్న శాండ్‌విచ్‌లు, కేకులు పెట్టి టీ ఇస్తారు. షారన్ అది కూడా ముందే చెప్పి పెట్టింది. దానికోసం మేం మధ్యాహ్నం భోజనం మానేశాం. కేకులున్నాయి కదా అని ఆయన గదిలోనే ఇన్సులిన్ మామూలు కన్నా కాస్త ఎక్కువే వేసుకున్నారు. అప్పుడు మూడు కావడానికి పది నిమిషాలుంది. ఆ మందు పడ్డాక తిండి పడాలి. అది ఆయనకూ తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు.

నేనింకా పట్టుచీర కుచ్చిళ్ళ దగ్గరే ఉన్నాను. ఆయన టై కట్టుకుని తలుపు దగ్గర నిలబడి సణుగుతున్నారు.

"మీరు పదండి. నేను వస్తన్నా" అన్నాను.

"ఎంతసేపే?"

"ఐదు నిమిషాలు."

ఆయన వెళ్ళిపోయారు. నా ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటే అక్కడే వదిలేశాను. చీరకు జేబుండదు, సంచి ఎందుకులే అనుకున్నాను. గది కార్డు ఒక్కటే చేతిలో పట్టుకుని బయటికి వచ్చాను. మూడు దాటి నాలుగు నిమిషాలు. చేతికి వాచీ ఉంది, అది తీసే అలవాటు లేదు.

ఆ తలుపు మళ్ళీ సగం తెరిచి ఉంది. దాటబోతుంటే లోపలి నుంచి, "నర్స్" అని వినిపించింది.

నేను నర్సునని ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. ఆ పిలుపు వింటే నా కాళ్ళు వాటంతటవే తిరుగుతాయి. లోపలికి తొంగి చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. పడిపోయింది, అనుకున్నాను. మా పనిలో ఖాళీ కుర్చీ కనిపిస్తే మొదట నేల చూస్తాం. గబగబా లోపలికి వెళ్ళి కుర్చీ వెనక, కిటికీ కింద చూశాను. ఎవరూ లేరు. వెనక తలుపు మూసుకుంది. గట్టిగా కూడా కాదు, మెల్లగా.

వెళ్ళి పిడి తిప్పాను. తిరిగింది. ఇంకా తిరిగింది. ఎటు తిప్పితే అటు తిరుగుతూనే ఉంది, లోపల దేనికీ తగలడం లేదు.

నేను మొదట భయపడలేదని ఒట్టేసి చెప్పగలను. నాకు కోపం వచ్చింది. ఇంత గొప్ప హోటల్, ఒక పిడి సరిగ్గా బిగించుకోలేరా అని. తలుపు కొట్టాను. హలో అన్నాను. ఎక్స్‌క్యూజ్ మీ అన్నాను. పట్టుచీర కట్టుకుని గదిలో ఇరుక్కున్నానని తెలిస్తే షారన్ ఎన్నాళ్ళు నవ్వుతుందో కూడా అనుకున్నాను. ఎవరూ రాలేదు. ఆ మెత్తటి తివాచీలు, ఆ బరువైన తలుపులు గుర్తొచ్చాయి. గొంతు పెంచాను. నా గొంతు ఆ గదిలోనే ఉండిపోయినట్టు అనిపించింది.

గదిలో ఆ కుర్చీ తప్ప ఏమీ లేదు. మంచం లేదు, దీపం లేదు, ఫోన్ లేదు. ఉన్నదొక్కటే కిటికీ. పైకి జరిపే రకం. ఎప్పుడో తెల్ల రంగు వేసినప్పుడు చట్రంతో కలిపి అంటుకుపోయింది. గోళ్ళతో గీకాను, కదల్లేదు. బయట చిన్న పెరడు, పెరడుకు అవతల అద్దాల గోడల హాలు. హై టీ అక్కడే.

మా ఆయన అద్దం పక్కనే కూర్చున్నారు. స్పష్టంగా కనిపిస్తున్నారు. ఎదురుగా మూడంతస్తుల పళ్ళెం వచ్చేసింది. ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు. టై సవరించుకుంటున్నారు, మెట్ల వైపు చూస్తున్నారు.

ఇంట్లో ఆయన నాకోసం ఏనాడూ ఆగింది లేదు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి తినేసి, గిన్నె కడిగి బోర్లించేసి ఉంటారు. ఆ రోజు మాత్రం పెళ్ళిరోజు మర్యాద పుట్టుకొచ్చింది. తినండి, అని కిటికీ దగ్గర నిలబడి గొణుక్కున్నాను. నేను లేకపోతే కొంపలేం మునగవు, తినండి.

మూడూ ఇరవై. టీ పోసే అమ్మాయి ఆయన దగ్గరికి వచ్చింది. మొదలుపెట్టమంటోందని చేతులు చూస్తే తెలుస్తోంది. ఆయన నవ్వి, ఎదుటి కుర్చీ చూపించి, చెయ్యి అడ్డంగా ఊపారు. భార్య వస్తోంది అంటున్నారు. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

నేను కిటికీ అద్దం మీద అరచేతులతో బాదాను. గాజుల చేత్తో కొట్టాను. ఆయన ఇటువైపు తల తిప్పలేదు. కుర్చీ ఎత్తి అద్దం మీద వేశాను. బరువైన చెక్క కుర్చీ. అద్దం పగల్లేదు, భూకంపం తర్వాత రెండు పొరల అద్దాలు వేసి ఉంటారు. కుర్చీ చేతిలోంచి జారి పడింది. దాన్ని అక్కడే వదిలేసి తలుపు దగ్గరికి పరిగెత్తి మళ్ళీ పిడి తిప్పాను. కాలితో తన్నాను. తిరిగి చూసేసరికి కుర్చీ నిలబడి ఉంది. గది మధ్యలో, తలుపు వైపు తిరిగి.

నేనే నిలబెట్టానేమో. ఆ గాభరాలో ఏం చేశానో ఒక్కొక్కటీ గుర్తుండదు కదా. కాబట్టి ఈసారి కుర్చీని కావాలనే ఎత్తి, గోడ మూలకు మోసుకెళ్ళి, గోడ వైపు తిప్పి పెట్టాను. కిటికీలోంచి ఆయన్ని చూశాను. ఐదారు క్షణాలంతే. వెనక్కి తిరిగితే కుర్చీ మళ్ళీ గది మధ్యలో తలుపు వైపు తిరిగి ఉంది. చప్పుడు కాలేదు. ఆరీ ఆరని ఉన్ని వాసన వచ్చింది.

అప్పుడు భయం వేసింది.

మూడూ ముప్పై అయిదు. ఆయన ఆవలించారు. మళ్ళీ ఆవలించారు. షుగర్ పడిపోతున్నప్పుడు కొందరికి చెమటలు పడతాయి, కొందరికి చేతులు వణుకుతాయి. మా ఆయనకు ముందు ఆవలింతలు వస్తాయి. చాలా ఏళ్ళు షుగర్ ఉన్నవాళ్ళకు తమకు తగ్గుతోందని తమకే తెలియదు. అందుకే నేను పక్కన ఉంటాను. ఆయన ఆవలిస్తే నేను చక్కెర బిళ్ళ నోట్లో పెడతాను. ఇరవయ్యేళ్ళ కాపురంలో మేం పైకి చెప్పుకోకుండా కుదుర్చుకున్న పద్ధతి అది. ఇప్పుడు ఆయన ఆవలిస్తుంటే నేను అద్దం వెనక నిలబడి చూస్తున్నాను.

కాలర్ బొత్తం విప్పుకున్నారు. రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. తర్వాత బల్ల మీది గుడ్డ అంచు పట్టుకుని వేళ్ళతో మడతలు పెట్టడం మొదలుపెట్టారు. అది చూడగానే నా ప్రాణం పోయింది. మెదడుకు చక్కెర అందనప్పుడు మనిషి చేసే పనులవి. చేతికి అందేంత దూరంలో ఇన్ని కేకులు, ఆయనకు అవి కనపడ్డం కూడా మానేశాయి.

ప్రార్థన చేశాను. ఏం చేశానో మాటలు గుర్తులేవు. తర్వాత ఆ కుర్చీ వైపు తిరిగి మాట్లాడాను. ఖాళీ కుర్చీతో మాట్లాడుతున్నానన్న స్పృహ ఉంది. అయినా మాట్లాడాను. అమ్మా, కింద మా ఆయన ఉన్నారు, ఆయనకు బాగాలేదు, నన్ను పంపించు, ఆయనకు చక్కెర పెట్టి వచ్చేస్తాను అన్నాను. ఇంగ్లీషులో బతిమాలాను. ప్లీజ్, ఐ విల్ కమ్, ఫైవ్ మినిట్స్, ప్రామిస్. పిడి తిప్పాను. తిరుగుతూనే ఉంది. మళ్ళీ అదే మాట, ఇంకో రకంగా. తప్పకుండా వస్తాను. దేవుడి తోడు వస్తాను. నా నోటికి ఇంకో మాట రావడం లేదు.

ఎన్నిసార్లు అన్నానో తెలియదు. అంటూ అంటూ ఉండగా నాకు మార్గరెట్ గుర్తొచ్చింది. కోటు వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చున్న మార్గరెట్. నేను ఇప్పుడు మళ్ళీ అదే పని చేస్తున్నాను. రాని చోటికి వస్తానని చెప్తున్నాను.

కిటికీలోంచి చూశాను. ఆయన నుదురు బల్ల మీద ఆనింది. టీ పోసే అమ్మాయి వేరే బల్ల దగ్గర వీపు తిప్పి నిలబడి ఉంది.

కుర్చీకి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆ మాట అనడానికి నాకు ఎంత కష్టమైందో, అది అలవాటు లేనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. నోరు తెరిస్తే అమ్మ గేటు దగ్గర నిలబడి చూస్తున్నట్టుంది. కింద మనిషికి ప్రాణం మీదికి వస్తే, పైన నేను ఆ మాట అంటే ఆ ప్రాణానికే తగులుతుందేమోనని కూడా అనిపించింది. అయినా అన్నాను. ముందు తెలుగులో వచ్చింది.

"నేను వెళ్ళిపోతున్నాను. ఇంక రాను."

తర్వాత ఇంగ్లీషులో చెప్పాను. నిన్న వస్తానన్నది ఊరికే అన్న మాట, నేను వచ్చేదాన్ని కాదు, నా కోసం కూర్చోవద్దు, క్షమించు అని.

తర్వాత నా ఎదురుగా, నడుము ఎత్తులో, కూర్చున్న మనిషి నోరు ఉండే చోటు నుంచి, చాలా మామూలుగా, "ఆల్ రైట్ దెన్" అని వినిపించింది.

పిడి దేనికో తగిలింది. తలుపు తెరుచుకుంది.

చీర మోకాళ్ళ పైకి ఎత్తిపట్టుకుని పరిగెత్తాను. మూడు మెట్లు, రెండు బరువైన తలుపులు, పెద్ద మెట్లు. హాల్లో అందరూ తిరిగి చూశారు. మా ఆయన చొక్కా తడిసి ముద్దయిపోయింది. పిలిస్తే గొంతులో చిన్న శబ్దం చేశారు. మింగగలుగుతున్నారు, దేవుడి దయ. జ్యూస్ తెమ్మని అరిచాను. తల ఎత్తి పట్టుకుని, చెంచాతో కొంచెం కొంచెం పోశాను. ఆయన కోటు జేబులోనే మీటరు ఉంది. వేలు గుచ్చి చూస్తే రెండు పాయింట్ మూడు, ఇండియా లెక్కలో నలభై చిల్లర. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో నాకు తెలుసు. దాని గురించి ఇప్పటికీ పూర్తిగా ఆలోచించను.

పావుగంటకు ఆయన చూపు కుదురుకుంది. నన్ను చూశారు.

"వచ్చావా" అన్నారు. "నువ్వు వస్తానన్నావుగా. అందుకే మొదలెట్టలా."

అక్కడే, అందరి ముందూ ఏడ్చాను.

ఇక నాకు తెలిసిన మిగతా వివరాలు చెప్తాను, మీరే చూసుకోండి. అంబులెన్సువాళ్ళు వచ్చి ఆయన్ని చూసి, ఫరవాలేదని చెప్పి వెళ్ళారు. షారన్ రిక్కార్టన్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. హోటల్ మేనేజర్ ఒక పెద్దావిడ. నేను చెప్పిందంతా నిలబడి విని, తాళాల గుత్తి తెచ్చుకుని మాతో పైకి వచ్చింది. ఆ గదికి తాళం వేసి ఉంది. ఆవిడ తీసింది. లోపల పాత పరుపులు, మడతపెట్టిన బల్లలు నేల నుంచి కప్పు దాకా పేర్చి ఉన్నాయి. మనిషి పక్కకు తిరిగి కూడా లోపల అడుగు పెట్టలేడు. కిటికీ పరుపుల వెనకెక్కడో ఉంది. కుర్చీ లేదు.

నువ్వు వేరే గదిలోకి వెళ్ళి ఉంటావు అంది షారన్. ముగ్గురం ఆ కారిడార్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాం. పిడి ఉన్న తలుపు అదొక్కటే. నా గోళ్ళ కింద తెల్ల రంగు పెళ్ళలు ఉన్నాయి. షారన్ వాటిని చూసింది, నా చెయ్యి పట్టుకుంది. ఆ వైపు భాగం ఒకప్పుడు ముసలి ఆడవాళ్ళ ఆశ్రమంగా ఉండేదని మేనేజర్ చెప్పింది. అది చాలా ఏళ్ళ కిందటి సంగతట. ఆవిడకూ అంతకన్నా తెలియదు, నేనూ అడగలేదు. మేం ఆ సాయంత్రమే సామాను తీసుకుని షారన్ ఫ్లాట్‌కు వెళ్ళిపోయాం. దానితో ఉండే ముగ్గురు పిల్లలు మాకోసం నేల మీద పక్కలు వేశారు. కిటికీ తెరిచి పడుకున్నాను.

మా పాస్టరుగారు ప్రార్థన చేశారు. గాభరాలో మనసు ఎన్నో చూపిస్తుందన్నారు. షారన్ ఇప్పటికీ తాళం చెడిపోయి ఉంటుందనే అంటుంది. మా ఆయన ఈ విషయం ఎత్తితే టీవీ సౌండ్ పెంచుతారు. నేనూ తాళమే అనుకుందామని చాలా ప్రయత్నించాను. పరుపులు అడ్డం వస్తాయి. ఆ గొంతు అడ్డం వస్తుంది. అందులో కోపం లేదు. ఎవరో ఒకరు వచ్చి తనకు నిజం చెప్తే చాలన్నట్టుంది ఆ గొంతు. అది ఎవరిదో, నాకన్నా ముందు ఆవిడకు వస్తానని చెప్పి వెళ్ళిందెవరో నాకు తెలియదు. తెలిసే దారీ లేదు.

పనిలో నా తీరు మారిందని తోటివాళ్ళు అంటున్నారు. డ్యూటీ దిగేటప్పుడు ప్రతి మంచం దగ్గరా ఆగి, నేను ఇంటికి వెళ్తున్నాను, రేపు నాకు సెలవు, రేపు రాను, వేరే నర్సు వస్తుంది అని చెప్తాను. ఒకరిద్దరికి కళ్ళ నీళ్ళు తిరుగుతాయి. తర్వాత పడుకుంటారు.

మా ఆయనకు మాత్రం వెళ్తున్నానని చెప్పడం నావల్ల కాలేదు. ఆయనకు వస్తాననే చెప్తాను. చెప్పిన ప్రతిసారీ, చేతిలో ఎంత పనున్నా వదిలేసి వచ్చేస్తున్నాను.